ఎడమ మెలిక ముడులు

మా పురుగుల గదిలో పొద్దున తొమ్మిదింటికి చీకటి పడేది. బయట ఎండ ఫెళ్ళున కాస్తుంటే లోపల నడిరాత్రి. మిట్టమధ్యాహ్నం లోపలికి వెళ్ళి, "భోజనం అయిందా బాబాయ్?" అని అడిగితే, "ఇంత రాత్రప్పుడు భోజనమేంటి అమ్మాయ్, మెల్లిగా మాట్లాడు, పిల్లలు లేస్తారు" అని ట్రేల వైపు చూపించేవాడు. ఈ జోకు ఐదేళ్ళలో కనీసం ఐదొందలసార్లు విని ఉంటాను. మొదటి ఏడాది నవ్వాను, రెండో ఏడాది విసుక్కున్నాను. ఇప్పుడు ఆయన ఫోన్ చేసినప్పుడల్లా నేనే వేస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. మా పరిశోధనశాలలో అందరికీ బాబాయే. ముప్పై ఏళ్ళుగా పట్టుపురుగులు సాకడం ఆయన పని. పొద్దున్నే వెనకవైపు తోటలో మల్బరీ ఆకు కోయడం, చిన్న పురుగులకు లేత ఆకు సన్నగా తరిగి వెయ్యడం, పెద్దవాటికి ఆకు ఆకంతా పరచడం, ట్రేలు మార్చడం, జబ్బు చేసినదాన్ని ఏరి పక్కన పెట్టడం. పురుగులు ఆకు తింటుంటే గదిలో సన్నగా వాన పడుతున్నట్టు చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు కాస్త తగ్గినా పక్కగదిలోంచి లేచి వచ్చేవాడు. మనుషులు పిలిస్తే మాత్రం మూడుసార్లు పిలవాలి.

అసలు ఆయన మా దగ్గరికి పురుగుల కోసం రాలేదు. చేపల వలలు అల్లే ఇంట్లో పుట్టినవాడు. సీతాకోకచిలుకలు పట్టే వలలు చిరిగిపోతే బాగుచెయ్యమని ఎవరో పిలిపించారట. వరండాలో కూర్చుని వల కుడుతున్నాడు. ఎదురుగా ఒక పరిశోధకుడు పురుగు మెడకు దారం కట్టలేక నానా అవస్థ పడుతున్నాడు. కడితే జారుతుంది, బిగిస్తే పురుగు తెగుతుంది. కాసేపు చూసి, "ఇలా ఇవ్వండి" అన్నాడు. ఇచ్చారు. కట్టాడు. వల కుట్టడం పూర్తయ్యేలోపే ఉద్యోగం ఇచ్చేశారు.

పురుగు మెడకు దారం ఎందుకంటారా? వినడానికి కిరాతకంగానే ఉంటుంది, కానీ కథ అంతా ఆ ముడి చుట్టూనే ఉంది కాబట్టి చెప్పక తప్పదు. పట్టుపురుగు పెరుగుతుంది గానీ దాని చర్మం దానితోపాటు పెరగదు. అందుకని బిగుతైన చొక్కా విడిచినట్టు నాలుగుసార్లు పాత చర్మం విడిచేస్తుంది. ఎప్పుడు విడవాలో చెప్పేది మెదడు. ఆ మెదడే ఆవగింజలో సగం ఉండదు. అందులో అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగే నాలుగు నాడీకణాల మీద ఈ బాధ్యతంతా. వేళ కాగానే అవి రక్తంలోకి ఒక హార్మోను వదులుతాయి. అది వెళ్ళి మెడ కిందున్న గ్రంథిని తట్టి లేపుతుంది. ఆ గ్రంథి మరో హార్మోను వదులుతుంది. దాంతో ఒళ్ళంతటికీ కబురు అందుతుంది, ఇక కొత్తది తొడుక్కోండి అని.

మా దగ్గరున్న రకంలో, నాలుగోసారి చర్మం విడిచే ముందు, ఆ నాలుగు కణాలు సరిగ్గా రాత్రి ఏ గంటకు హార్మోను వదులుతాయి? నా పీహెచ్‌డీ అంతా ఈ ఒక్క ప్రశ్నే; దీని జవాబు కోసం నేను ఐదేళ్ళు ఇంట్లోవాళ్ళ చేత చివాట్లు తిన్నాను. తెలుసుకునే పద్ధతి పాతదే. మెడ దగ్గర దారంతో బిగించి కడితే తలలోని రక్తం ఒంట్లోకి రాదు. పురుగు ముక్కుతో ఊపిరి పీల్చదు, ఒంటికి రెండు పక్కలా ఉన్న చిన్న చిన్న రంధ్రాలతో పీలుస్తుంది, కాబట్టి వెంటనే చావదు. కణాలు హార్మోను వదలకముందే కట్టేస్తే, ఆ ఒళ్ళు ఎన్నాళ్ళు ఎదురుచూసినా చర్మం విడవదు. వదిలేశాక కడితే, తలతో పని లేకుండానే విడుస్తుంది. గంటగంటకూ కొన్నింటికి కట్టుకుంటూ పోతే, ఏ గంట దగ్గర "విడవదు" కాస్తా "విడుస్తుంది"గా మారిందో అదే జవాబు. ఆ పని రాత్రి జరిగేది కాబట్టి, మా నిద్ర చెడకుండా, దీపాలకు టైమరు పెట్టి పురుగుల రాత్రిని మా పగటిలోకి లాక్కొచ్చాం. పని చేసుకోవడానికి ఎర్ర దీపం ఒకటి. ఎరుపు వాటి కంటికి ఆనదు.

ముడి నాకు నేర్పింది బాబాయే. ఎదురెదురుగా రెండు ముక్కాలిపీటలు వేసేవాడు. ముందు చీపురుపుల్ల మీద, తర్వాత ఉడకబెట్టిన సేమ్యా మీద. సేమ్యా తెగకూడదు, దారం జారకూడదు. మొదటి ముడిలో రెండు మెలికలు, రెండో ముడిలో ఒకటి. అంతే. ఆ "అంతే" నాకు నాలుగు నెలలు పట్టింది. నేను కట్టి చూపిస్తే కళ్ళజోడు పైకి జరిపి చూసేవాడు. బాగుంటే "ఊఁ." బాగోకపోతే "విప్పు." తప్పేంటో చెప్పేవాడు కాదు. "విప్పు" అన్న మాట కలలో కూడా వినపడేది. ఒకరోజు కోపమొచ్చి, "మీరు కట్టిందీ ఇలాగే ఉంది కదా బాబాయ్!" అన్నాను. "ఇలాగే ఉంటే నువ్వెందుకు అరుస్తున్నావ్?" అన్నాడు.

ఐదో ఏడు అసలు ప్రయోగం మొదలుపెట్టాం. గంటకు పన్నెండు పురుగులు, చెరి ఆరు. ఎనిమిది గంటలు. ఒక బ్యాచికి తొంభై ఆరు. పురుగును మంచు మీద పెట్టి మత్తుగా చేసి, అది మళ్ళీ కదిలేలోపు కట్టెయ్యాలి. కట్టినవాటిని ఎవరు కట్టారో రాసుకునేవాళ్ళం కాదు. గంట మాత్రమే రాసేవాళ్ళం. మా ఇద్దరి ముళ్ళూ ఒకటే అన్న నమ్మకం.

మూడు రోజుల తర్వాత చూశాం. మొదటి గంటలో కట్టినవాటిలో కూడా కొన్ని చర్మం విడిచేశాయి. రెండో గంటలోవి కొన్ని విడిచాయి, కొన్ని లేదు. మూడోదీ అంతే. ఏ గంట దగ్గరా గీత లేదు. కలగాపులగం.

నాకు తట్టిన కారణం ఒక్కటే, వెలుతురు. చీకటిలో ఎవరో తలుపు తీసి ఉంటారు, పురుగుల గడియారాలు ఒక్కొక్కటి ఒక్కోలా తిరిగి ఉంటాయి. ఆ గది తాళంచెవి ఉండేది మా ఇద్దరి దగ్గరే. నేను తియ్యలేదు. వరండాలో, నలుగురూ టీ తాగుతూ ఉండగా, "తలుపు మీరే తీశారు బాబాయ్. మీకేమిటి, మీ పురుగులు బాగానే ఉంటాయి. పోయేది నా చదువు" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆయన నా వైపు చూసి, గ్లాసు గోడ మీద పెట్టి, ఆకు కొయ్యడానికి వెళ్ళిపోయాడు. గ్లాసులో టీ సగమే ఉంది. ఆ మధ్య ఆయన సగం గ్లాసే పొయ్యమంటున్నాడు. "షుగరేమో" అనుకున్నాం అందరం. పురుగు తలలో నాలుగు కణాలు ఏం చేస్తున్నాయో కనిపెడతానని బయలుదేరినదాన్ని, ఎదురుగా కూర్చున్న మనిషి చేతిలో గ్లాసు ఎందుకు సగమైందో కనిపెట్టలేకపోయాను.

తలుపుకు నల్లగుడ్డ మేకులు కొట్టి బిగించాను. రెండో బ్యాచి కట్టాం. ఈసారి ఇద్దరం మాట్లాడుకోలేదు. జోకు కూడా వెయ్యలేదు. అదీ కలగాపులగమే.

మా పెద్ద సారు మంచివాడే, కానీ గడువు అంటే గడువు. నన్ను పిలిచి, "ఇంకొక్క బ్యాచికే గుడ్లు ఉన్నాయి. అదీ ఇలాగే వస్తే ఈ పని ఆపేద్దాం. నీ చోటు కోసం ఇంకొకరు ఎదురుచూస్తున్నారు" అన్నాడు. ఐదేళ్ళు. ఉత్తచేతులతో ఇంటికి వెళ్ళి, ఏం చదివావు అంటే ఏం చెప్పాలి? పురుగులకు ఉరేశాను అని చెప్పాలా? మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ముక్కు చీదుకుంటూ ఉండగా బాబాయి వచ్చి, "లోపలికి రా. పని ఉంది" అన్నాడు.

బల్ల మీద రెండు బ్యాచుల సీసాలు వరుసగా పెట్టి ఉన్నాయి. ప్రతి పురుగునూ మెడకు దారంతో సహా స్పిరిట్‌లో దాచి ఉంచడం మా అలవాటు. పక్కన భూతద్దం.

"ముడి చూడు" అన్నాడు.

చూశాను. ముడి ముడిలాగే ఉంది.

"మెలిక ఎటు తిరిగింది?"

"కుడికి."

"అది నీది. ఇది చూడు."

"ఎడమకి."

"అది నాది. నాది ఎడమచేతి వాటం. నువ్వు నా ఎదురుగా కూర్చుని నేర్చుకున్నావు, అద్దంలో చూసుకున్నట్టు. నీవన్నీ కుడికే తిరుగుతాయి. ఎడమవి తీసి అటు పెట్టు. కుడివి ఇటు పెట్టు."

ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆయన నేర్పే పద్ధతే అది. నూటతొంభై రెండు సీసాలు. ఆయన ఒక్కటీ ముట్టుకోలేదు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఏరుతున్నాను, గంటల వారీగా పేరుస్తున్నాను. సగం అయ్యేసరికే తేడా కనిపించింది. కుడి మెలిక వరసలో మొదటి ఐదు గంటల్లో ఒక్కటీ చర్మం విడవలేదు. ఏడో గంట నుంచి అన్నీ విడిచాయి. ఆరో గంటలో సగం సగం. కత్తితో కోసినట్టు గీత. కలగాపులగం అంతా ఎడమ వరసలోనే ఉంది.

"వదులైపోతున్నాయి" అన్నాడు బాబాయి. "కట్టేటప్పుడు బిగిసినట్టే ఉంటుంది. చివర్లో వేలు వణుకుతుంది, మెలిక కొంచెం సడలుతుంది. ఆ సందులోంచి తర్వాత వచ్చిన హార్మోను కిందికి దిగిపోతుంది. మొదటి బ్యాచికే అనుమానం వచ్చింది. రెండోదానికి పళ్ళ బిగువున కట్టాను. లాభం లేకపోయింది."

ఎడమచెయ్యి తీసి బల్ల మీద పెట్టి చూపించాడు. ఎర్ర దీపం వెలుతురులో, బల్ల అంచున, ఆ వేళ్ళు వాటంతటవే గింజ నలుపుతున్నట్టు కదులుతున్నాయి.

ఈ మనిషి నోరు మూసుకుని ఉంటే తప్పు తలుపు మీదికో టైమరు మీదికో పోయేది. ఆయన ముడి గురించి ఈ భవనంలో ఎవరూ ఒక్క మాట అనలేరు. ముప్పై ఏళ్ళ పేరు అది. దాన్ని తెచ్చి నా ముందు సీసాల్లో వరసగా పేర్చి పెట్టాడు, నా చదువు కోసం. నేనేమో ఆయన్ని నలుగురిలో నిలబెట్టి కడిగేశాను.

"బాబాయ్, ఆ రోజు తలుపు గురించి నేను..." అంటూ మళ్ళీ ఏడుపు అందుకున్నాను.

"తలుపు సంగతి తలుపుకు చెప్పుకో. నీకింకా తొంభై ఆరు ముళ్ళు ఉన్నాయి." చెయ్యి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, "మీ పిన్నికి మాత్రం చెప్పకు" అన్నాడు.

పిన్ని అంటే ఆయన భార్య. రోజూ ఆయన డబ్బాలో నాకు కూడా ఒక గిన్నె పెట్టి పంపే మనిషి. చెప్పనని మాట ఇచ్చాను.

మూడో బ్యాచి నేనొక్కదాన్నే కట్టాలి. గంటకు పన్నెండు అంటే ఒక్కోదానికి ఐదు నిమిషాలు, ఎనిమిది గంటలపాటు, మధ్యలో నీళ్ళు తాగడానికి కూడా లేవకుండా. నావల్ల కాదన్నాను. "నీవల్ల కాదని నేను అనాలి. నేను అనలేదుగా" అన్నాడు. ముందురోజే కూర్చుని తొంభై ఆరు దారాలు జానెడు జానెడు కత్తిరించి, తడిగుడ్డ మీద పరిచి పెట్టాడు. కత్తెరకు వణుకు అడ్డం కాదట. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి చీకటి పడింది. ఆయన నా పక్కన, ఎదురుగా కాదు, పక్కన కూర్చున్నాడు. పురుగును ఎప్పుడు మంచు మీద పెట్టాలో, ఎప్పుడు తీసి నా ముందు పెట్టాలో అంతా ఆయన లెక్క. నేను తల ఎత్తలేదు. ఒక చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆయన ట్రే జరుపుతుంటే ఆ చప్పుడు వినపడేది. "ఊఁ" అనేవాడు. ఇంకోటి. "ఊఁ." నాలుగో గంటలో నా మెడ పట్టేసింది, కళ్ళ ముందు అన్నీ దారాలే. అప్పుడు, "భోజనం అయిందా అమ్మాయ్?" అన్నాడు. నేను నవ్వితే చెయ్యి కదులుతుందని నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఆ రోజంతా ఒక్కసారే "విప్పు" అన్నాడు. ఏడో గంటలో, డెబ్బై ఆరోది. విప్పి మళ్ళీ కట్టాను.

మూడు రోజుల తర్వాత ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఐదో గంట దాకా ఒక్కటీ లేదు. ఆరో గంటలో ఐదు విడిచాయి, ఏడు విడవలేదు. ఏడో గంట నుంచి అన్నీ. గీత ఎక్కడ పడాలో అక్కడే పడింది. బాబాయి బయటికి వెళ్ళి, ఇంత లేత ఆకు కోసుకొచ్చి, మిగిలిన పురుగులకు పండగలా పరిచాడు.

వైవా రోజు పిన్నిని కూడా తీసుకొచ్చాడు. ఇద్దరూ చివరి వరసలో కూర్చున్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు. పిన్నికి సైన్సు ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేను నోరు తెరిచినప్పుడల్లా తల ఊపుతూనే ఉంది. అంతా సాఫీగా జరుగుతోంది. అప్పుడు బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, వయసు మళ్ళిన మనిషి, నా థీసిస్‌లో ఒక పేజీ మీద వేలు పెట్టాడు.

"మొదటి రెండు బ్యాచుల్లో సగం పురుగుల్ని లెక్కలోంచి తీసేశారు. ముళ్ళు వదులు అని రాశారు. ఎవరి ముళ్ళు?"

చివరి వరస వైపు చూడకుండా, "నావే సార్" అన్నాను. పిన్నికి చెప్పనని మాట ఇచ్చాను కదా.

"మిగతా సగం ఎవరివి?"

"అవి కూడా..." అని నీళ్ళు నమిలాను. ఒకే చెయ్యి సగం బాగా, సగం చెడ్డగా కట్టింది అంటే ఎవరు నమ్ముతారు? పరీక్షకుడు కళ్ళజోడు తీసి నన్నే చూస్తున్నాడు. ఐదేళ్ళూ అక్కడే మునిగిపోయేట్టు ఉన్నాయి.

వెనక కుర్చీ చప్పుడైంది.

"అవి నావండీ" అన్నాడు బాబాయి. లేచి నిలబడ్డాడు. "ఎడమకి తిరిగిన ముళ్ళు అన్నీ నావి. సీసాలు ఉన్నాయి, తెప్పించుకుని చూడండి. ఈ అమ్మాయి కట్టినదాంట్లో ఒక్కటీ జారలేదు. నేనే నేర్పాను, నాకు తెలుసు."

పరీక్షకుడు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ఇందాకటి గొంతుతో కాదు, మెల్లిగా అడిగాడు. "చేతికేమైంది?"

"వణుకండీ. ఏడాది నుంచి."

పిన్ని తల ఊపడం ఆపేసింది. పైకి, ఆయన ముఖంలోకి చూసింది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అంతసేపు ఎందుకు పడుతోందో, అన్నం చెంచాతో ఎందుకు తింటున్నాడో, ఏడాదిగా చూసినవన్నీ ఆ ఒక్క క్షణంలో ఆమెకు అర్థమవుతుంటే నేను వేదిక మీద నుంచి చూశాను. ఆయన కూర్చోగానే ఆమె ఆ ఎడమచెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో మూసేసింది. నాకు పట్టా ఇస్తున్నట్టు చెప్పినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, వాళ్ళిద్దరూ తప్ప. ఆమె వదల్లేదు, అందుకని.

తర్వాత డాక్టరు చెప్పింది ఇంచుమించు మా పాఠమే. తలలో కొన్ని నాడీకణాలు వదలాల్సింది వదలడం తగ్గించాయి, చేతికి అందాల్సిన కబురు సరిగ్గా అందడం లేదు అన్నాడు. మందులు ఇచ్చాడు. ఇప్పుడు గ్లాసు ముప్పావు దాకా పోయించుకుంటున్నాడు. నేను ఈ రోజు నలుగురికి పాఠం చెబుతున్నానంటే, ఆ రోజు ఆయన లేచి నిలబడ్డాడు కాబట్టి. ఈ మాట ఆయనతో అంటే పురుగుల సంగతి ఎత్తుతాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు హాలు మెట్లు దిగుతుంటే ఆయన కొత్త బూటు లేసు ఊడిపోయి వేలాడుతోంది. అది ఎలా కట్టుకుని వచ్చాడో ఏమో. నేను మెట్టు మీద కూర్చుని, పాదం ఒళ్ళోకి తీసుకుని కట్టాను. మొదటి ముడిలో రెండు మెలికలు, రెండో ముడిలో ఒకటి. తలెత్తి చూశాను. ఆయన కళ్ళజోడు పైకి జరిపి, వంగి, తీరిగ్గా చూశాడు.

"విప్పు" అన్నాడు.

"బాగానే ఉంది, ఊరుకోండి" అంది పిన్ని, ఆయన చెయ్యి వదలకుండానే. నేను విప్పి మళ్ళీ కట్టాను.